సత్రం ఆయన డైలాగు

ఆ మంగళవారం బాలరాజ్‌కు డ్యూటీ లేదు. పొద్దున్నే చాయ్ తాగుతూ ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. వెనక గదికి రెండో కోటు సున్నం వేయాలి, మంచం కోళ్లు బిగించాలి, అన్నం తిన్నాక ఒక కునుకు తీయాలి, వీలు చూసుకుని క్రిస్మస్ నాటకంలో తన డైలాగు ఫోన్లో రికార్డు చేసి పంపాలి. వీటిలో కొంప ముంచేది ఏదని అడిగి ఉంటే ఆయన మంచం కోళ్లనే అనుమానించేవాడు.

గదీ మంచమూ కూతురు మహేశ్వరి కోసం. పెద్ద కొడప్‌గల్‌లో అత్తగారింట ఉన్న మహేశ్వరికి ఆరో నెల దాటింది. తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలి కాబట్టి, క్రిస్మస్ నాడు అత్తగారి వాళ్లే తీసుకొచ్చి దింపి వెళ్తామన్నారు. పెళ్లయి వెళ్లాక ఆ పిల్ల ఈ ఇంట్లో వరసగా మూడు రోజులు ఉన్నది లేదు. ఇప్పుడు నెలల తరబడి ఉంటుంది. ఆ మాట తలుచుకుంటేనే తల్లి సమ్మవ్వకు కడుపు నిండిపోయేది. మెత్తటి పాత చీరలన్నీ ఉతికి, ఎండేసి, మడిచి, మడత నచ్చక మళ్లీ ఉతుకుతోంది.

ఇక నాటకం సంగతి. బాన్సువాడలో బాలరాజ్ వాళ్ల చర్చిలో ఏటా ఒకటే కథ. నిండు చూలాలు, ఆమె భర్త ఊరు కాని ఊరు వస్తారు, సత్రంలో స్థలం దొరకదు, పశువుల పాకలో బాలుడు పుడతాడు. ఈ కథను ఎవరూ కాదనరు, కానీ ఉన్నదున్నట్టు ఉండనిచ్చిన వాళ్లూ లేరు. సంఘ పెద్ద రాజన్న చేతికి చిక్కిన ఏడు అది యక్షగానమైంది. దుష్టరాజు కిరీటం పెట్టుకుని వచ్చి పద్యాలు అందుకున్నాక దిగడం మరిచిపోయాడు. బాలుడు పుట్టేసరికి బగార అన్నం చల్లారిపోయింది. ఫోటో స్టూడియో వినోద్‌కుమార్ దాన్ని షార్ట్ ఫిల్మ్ తీశాడు. నక్షత్రమని ఎగరేసిన డ్రోన్ నస్రుల్లాబాద్ దగ్గర చెరకు తోటలో దిగి, కోతలయ్యేదాకా బయటికి రాలేదు. టీచర్ బిందుమాధవి పిల్లలతో వేయించినప్పుడైతే, తన బిడ్డను గొర్రెగా చూడటానికి ఏ తల్లీ ఒప్పుకోలేదు. చేసేదేం లేక కాపరులు ఆ రోజు దేవదూతలనే మేపుకుంటూ వచ్చారు.

ఇన్ని అవతారాల్లోనూ మారనివాడు బాలరాజ్ ఒక్కడే. సత్రం యజమాని వేషం ఆయనది. "స్థలము లేదు" అని రెండు మాటలు అని, తలుపు మూసినట్టు రెండు చేతులూ కలిపి, తిన్నగా భోజనాల దగ్గరికి వెళ్లి నిలబడేవాడు.

ఈ ఏడు కథ రాజన్న కూతురు స్పందన చేతికి వచ్చింది. ఆమె మీసేవలో పనిచేస్తుంది, ఊళ్లో సగం మంది బాధలు రోజూ వింటుంది. ఆమె రాసిన ప్రకారం ఆ దంపతులు బాన్సువాడ బస్టాండులోనే దిగుతారు, కిరాయికి ఒక అర్ర కోసం ఇల్లిల్లూ తిరుగుతారు. సత్రం ఆయన ఇప్పుడు ఇంటి ఓనరు. రెండు మాటల డైలాగు పేరా అయింది. తిట్టూ చేరింది. అక్కడే వచ్చింది చిక్కు. బాలరాజ్ బస్సు కండక్టరు. బస్సులో సూది మోపే సందు లేకపోయినా, కింద నిలబడ్డవాళ్లకు చోటుందని చెప్పి ఎక్కించడమే ఆయన ఉద్యోగం.

"కాకా, రోజూ జాగ ఉంది, లోపలికి జరుగుండ్రి అని అని మీ గొంతుకు లేదనుడు వస్తలేదు," అంది స్పందన రిహార్సల్లో. "మీరు పొమ్మంటుంటే రమ్మన్నట్టే ఉంది. జర కోపం తెచ్చుకోండ్రి. ఇంట్ల మంచిగ రికార్డు చేసి గ్రూపుల పెట్టుండ్రి, నేను ఇని చెప్త."

బాలరాజ్ సున్నం బకెట్టు పక్కన పెట్టి, వెనక గది తలుపు వేసుకుని, గోడను కిరాయిదారు అనుకుని కోపం తెచ్చుకున్నాడు. నాలుగైదుసార్లు చెడగొట్టాక ఒకటి బాగా కుదిరింది. పంపడానికి చూస్తే ఆయన ఫోన్లో రెండు గ్రూపులు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఒకటి స్పందన పెట్టిన 'క్రిస్మస్ నాటకం'. రెండోది, పండగ పూట ఎవరెవరు వస్తారు, ఎవరేం తెస్తారు అని మాట్లాడుకోవడానికి అల్లుడు నితిన్ పెట్టిన 'క్రిస్మస్ విందు'. వియ్యాలవారింట గుడికి వెళ్తారు, బాలరాజ్ ఇంట చర్చికి వెళ్తారు. పెళ్లినాడే ఒకరి పండక్కి ఒకరు వచ్చి తినాలని మాట అనుకున్నారు. అందుకని రెండు వైపుల చుట్టాలూ అందులో ఉన్నారు. రెండు గ్రూపులకూ ఒకటే నక్షత్రం బొమ్మ. కళ్లద్దాల మీద సున్నం చుక్కలు. బాలరాజ్ నక్షత్రాన్ని నమ్మి వేలు నొక్కాడు, వెళ్లి పడుకున్నాడు. ఆ రోజు పథకంలో సవ్యంగా జరిగింది ఆ కునుకొక్కటే.

పెద్ద కొడప్‌గల్‌లో వినబడింది ఇది: "ఎన్నిసార్లు చెప్పాలె మీకు? జాగ లేదు. కడుపుతోని ఉన్న పిల్లను ఎంటేసుకొని నా ఇంటి మీదికొస్తే నేనేం చెయ్యాలె? దవాఖానకు తీస్కపోతరో, వాపస్ తీస్కపోతరో మీ ఇష్టం. నా గడప మాత్రం తొక్కకుండ్రి."

సాయంత్రం ఫోన్ మోగితే బాలరాజ్ కళ్లు తెరవకుండానే ఎత్తాడు. అల్లుడు.

"మామా, నేను మంచిగనే అడుగుతున్న," అన్నాడు నితిన్. "మా అమ్మ మధ్యాహ్నం సంది అన్నం ముట్టలే. జాగ లేదంటె లేదని మొదలే చెప్పొచ్చు గదా."

నిద్రమత్తులో ఉన్న కండక్టరుకు 'జాగ' అంటే బస్సులో సీటు. పండగ ముందు రద్దీలో సీటు ఆపమని ఇంతకుముందే ఇద్దరు ముగ్గురు అడిగి ఉన్నారు. "పండగ ముందర జాగ ఏడుంటది బిడ్డా?" అన్నాడు. "వస్తే నిలవడుడే."

"కడుపుతోని ఉన్న మనిషి నిలవడాల్నా?"

"ఎవరైనా గంతే. నీకోసం ముందుగాల వచ్చి కూసున్నోళ్లను లేపుతనా నేను?"

ఫోన్ కట్టయింది. టవర్ సరిగా లేదనుకుని బాలరాజ్ అటు తిరిగి పడుకోబోయాడు. గుమ్మంలో సమ్మవ్వ నిలబడి ఉంది. ఆమె చేతిలో మడిచిన చీరలు, కళ్లలో నీళ్లు. నిజామాబాద్‌లోని ఆమె అన్న ఆ గ్రూపులోనే ఉన్నాడు, అప్పుడే ఫోన్ చేశాడు.

"నా బిడ్డను గడప తొక్కద్దన్నవా?" అందామె.

అప్పుడు గానీ విషయం బాలరాజ్‌కు అర్థం కాలేదు. పెద్ద చదువు అక్కర్లేని పని అనుకుని గబగబా ఆ మెసేజిని అందరి ఫోన్ల నుంచీ తుడిపేశాడు. తుడిపేసిన చోట, ఇక్కడేదో తుడిపేశారని ఫోనే చాటింపు వేసింది. అప్పటిదాకా ఆ గ్రూపు తెరవని వాళ్లు కూడా అప్పుడు తెరిచి, ఏం తుడిపాడని ఒకరినొకరు అడిగారు. మహేశ్వరి ఫోన్ అందుకునే సరికి తండ్రి గొంతు పోయి ఆ ఖాళీ ఒక్కటే మిగిలి ఉంది. తప్పు లేకుంటే ఎందుకు తుడుపుతడు అని నిజామాబాద్ అన్న అన్నాడట. అది నాటకంలోదని బాలరాజ్ ఎంత మొత్తుకున్నా, ఆ మాటలో సబబు ఉందని సమ్మవ్వకూ తోచింది.

మర్నాడు డ్యూటీ. నస్రుల్లాబాద్‌లో ఎక్కిన ఒక పెద్దాయన టికెట్ తీసుకుంటూ, "బిడ్డను ఇంట్లకు రానిస్తలేవంట, ఏందన్నా గది," అన్నాడు. తిరుగు ట్రిప్పులో కథ ఒక మెట్టు ఎక్కింది. అల్లుడే పిల్లను తీసుకుని వచ్చి, గేటు బయట పొద్దుగూకే దాకా నిలబడి పోయాడట. ఆ పై రోజు మహమ్మద్ నగర్‌లో ప్లాట్ల బ్రోకరు ఒకడు పక్కకు పిలిచాడు. "జాగ లేదంటున్నవంట గదా. ఇల్లు గిట్ల అమ్మినవా? ఫికర్ చెయ్యకు, రోడ్డు మీదికే మంచి జాగ ఉంది, చూపిస్త," అని చీటీ చేతిలో పెట్టాడు. వెనక సీటులో ముసలమ్మ మాత్రం నిజంగానే బాధపడింది. "నీకు చాతకాకుంటే నా ఇంటికి తోలు కొడుకా, నేను చేస్త కాన్పు," అంది. బాలరాజ్ ఆమెకు దండం పెట్టాడు. రాజన్న, వినోద్‌కుమార్, బిందుమాధవి కలిసి ఇన్నేళ్లలో క్రిస్మస్ కథకు చేసినదానికంటే ఎక్కువ, వారం తిరక్కుండానే ఆయన కథకు రెండు రూట్ల ప్రయాణికులు చేసి పెట్టారు.

ఇంట్లో సమ్మవ్వ అన్నం పెడుతోంది గానీ మాట్లాడటం లేదు. వెనక గదికి తాళం వేసింది. పగలంతా వందలమందితో మాట్లాడి వచ్చే మనిషికి ఆ మౌనం భరించరానిదైంది. తన నోటితో కూతురి మంచం ఖాళీ చేశానన్న దిగులు కూడా దానికి తోడైంది. సెలవు పెట్టి, అరటిపండ్లు కొని, భార్యను వెంటబెట్టుకుని పెద్ద కొడప్‌గల్ వెళ్లాడు.

వియ్యపురాలు లక్ష్మవ్వ కాళ్లకు నీళ్లిచ్చింది, చాయ్ ఇచ్చింది, కూర్చోవడానికి కొత్త కుర్చీ వేసింది. ఆ మర్యాద చూసి బాలరాజ్‌కు ఇంకా భయం వేసింది.

"చెల్లె, గది డ్రామాల డైలాగు," అన్నాడు.

"మీ డ్రామా నేను సూసిన గదన్నా. పిల్లల పెండ్లయిన ఏడు వచ్చిన. నువ్వు రెండే మాటలంటివి. గింత పొడుగు ఎప్పుడంటివి?"

"గీసారి స్పందన మార్చి రాసింది."

"దేవుని కథ గూడ మారుస్తరా ఎవరన్న?" అంది లక్ష్మవ్వ.

యక్షగానం నుంచి డ్రోన్ దాకా అంతా చెప్పాలని ఉంది బాలరాజ్‌కు. చెప్తే నమ్మడం తర్వాత, ఆ చర్చి మీద ఉన్న గౌరవం కూడా పోతుందని ఊరుకున్నాడు. తలుపు దగ్గర మహేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆయనకు అంతుపట్టలేదు.

"సరే అన్నా," అంది లక్ష్మవ్వ చివరికి. "పండగ నాడు పిల్లను తీస్కొనే వస్త. గా మాట గట్లనే డ్రామాల ఇంటే, ఆన్నుంచి ఆన్నే మీ ఇంటికి తోలిస్త. ఇనకుంటే మాత్రం కాన్పు మా ఇంట్లనే అయితది. నేను చేస్కుంట."

తిరుగు బస్సులో సమ్మవ్వ మొదటిసారి నోరు విప్పింది. "మంచిగ తిట్టు," అంది. "ఒక్క ముక్క గూడ పోవద్దు."

బాలరాజ్ ధైర్యం తెచ్చుకుని బాన్సువాడలో దిగాడు. దిగినవాడు నేరుగా రిహార్సల్‌కు వెళ్తే, అక్కడ స్పందన కొత్త కాగితాలు పంచుతోంది. సంఘంలో ఇళ్లు కిరాయికిచ్చే వాళ్లు కొందరున్నారు. ఊరంతా బాలరాజ్ డైలాగు గురించే చెప్పుకుంటుంటే, ఆ నాటకం తమ మీదేనని వాళ్లు పాస్టరు గారి దగ్గర బాధపడ్డారట. పండగ పూట ఒకరి మనసు నొప్పించడం దేనికని ఆయన అన్నారట. ఇప్పుడు సత్రం ఆయన చాలా మంచివాడు. "క్షమించండి, గదులన్నీ నిండిపోయాయి. పాకలో కాస్త చోటుంది, ఈ దీపం తీసుకువెళ్లండి," అని చక్కటి పుస్తక భాషలో అంటాడు. దానికి ఆ చూలాలి భర్త యోసేపు, "మీ మంచి మనసుకు వందనాలండీ," అంటాడు.

"పాతదే ఉంచు బిడ్డా," అన్నాడు బాలరాజ్.

"మొన్నటిదాక గా డైలాగు మీ నోటికి రాకపాయె గద కాకా."

"ఇప్పుడు వస్తుంది."

"పాస్టరు గారు ఇది ఖాయం చేసిండ్రు. నా చేతుల లేదు," అంది స్పందన. ఆమెకూ కొత్త డైలాగు నచ్చలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

క్రిస్మస్ సాయంత్రం చర్చి ముందర షామియానా నిండిపోయింది. ముందు వరసలో సమ్మవ్వ, లక్ష్మవ్వ, ఇద్దరి మధ్య మహేశ్వరి. ఆ వెనకే ఇళ్లున్న పెద్దమనుషులు, ఈసారి తమను మంచివాళ్లుగా చూపిస్తారని ప్రశాంతంగా కూర్చున్నారు. తలుపు పక్కన నిలబడ్డ బాలరాజ్ చేతిలో లాంతరు ఉంది. అనమన్నది అంటే కూతురు పోతుంది. అనొద్దన్నది అంటే ఇన్నేళ్లుగా వేస్తున్న వేషం పోతుంది, పాస్టరు గారి దగ్గర మాటా పోతుంది.

యోసేపు వేషం కట్టిన కుర్రాడు తలుపు తట్టాడు. వాడి వెనక మరియమ్మ వేషంలో అంబిక, పొట్టకు దిండు కట్టుకుని, నడుము మీద చెయ్యి వేసుకుని వంగి నిలబడింది. బాలరాజ్ ఆమెను చూశాడు, ముందు వరసలో అచ్చం అలాగే నడుము మీద చెయ్యి వేసుకుని కూర్చున్న తన కూతురిని చూశాడు. లాంతరు కింద పెట్టాడు.

"ఎన్నిసార్లు చెప్పాలె మీకు?" అన్నాడు. "జాగ లేదు. కడుపుతోని ఉన్న పిల్లను ఎంటేసుకొని నా ఇంటి మీదికొస్తే నేనేం చెయ్యాలె? దవాఖానకు తీస్కపోతరో, వాపస్ తీస్కపోతరో మీ ఇష్టం. నా గడప మాత్రం తొక్కకుండ్రి."

యోసేపుకు కొత్త కాగితం తప్ప ఇంకోటి రాదు. వాడు చేతులు జోడించి, "మీ మంచి మనసుకు వందనాలండీ," అన్నాడు.

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుల్లో తన మాట లక్ష్మవ్వకు అందలేదేమోనని బాలరాజ్‌కు అనుమానం వచ్చింది. ఒక అడుగు ముందుకు వేసి, ఆమె వైపే తిరిగి, మొత్తం డైలాగు మళ్లీ చెప్పాడు. యోసేపు పాఠం ప్రకారం దీపం అందుకోబోయాడు. ఇంత కోపిష్టి దీపం ఎలా ఇస్తాడని బాలరాజ్ లాంతరు లాక్కున్నాడు. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని కాసేపు గుంజుకున్నారు. వెనక వరసలో పెద్దమనుషులు ఒకరినొకరు చూసుకున్నారు. తెర చాటు నుంచి స్పందన, "కాకా, ఇగ దిగుండ్రి," అని గుసగుసగా అంటూనే ఉంది. బాలరాజ్ మూడోసారి 'ఎన్నిసార్లు' అని అందుకునేసరికి ముందు వరసలోంచి లక్ష్మవ్వ లేచింది.

"ఇనబడ్డదన్నా," అంది. "ఇగ ఆ పిల్లను నిలవెట్టకు."

ఆ మాటకు అంబిక ఎవరి అనుమతీ అడగకుండా తనంతట తానే పాకలోకి వెళ్లి కూర్చుంది. మిగతా కథ ఏ మార్పులూ లేకుండా సాగిపోయింది.

భోజనాల దగ్గర సమ్మవ్వ వెళ్లి వియ్యపురాలి రెండు చేతులూ పట్టుకుంది. "వదినా, తప్పంతా మాదే. మా ఆయనకు ఫోను సక్కగ రాదు. నిన్ను అన్నం తినకుండ చేసినం. మనసుల పెట్టుకోకు," అని ఏడ్చేసింది.

లక్ష్మవ్వ ఆ చేతుల్లోంచి చేతులు తీసుకోలేకపోయింది.

"అన్నం తిన్న వదినా," అంది మెల్లగా. "నితిన్‌కు తెల్వకుండ తిన్న. గది డ్రామా అని నాకు గా దినమే ఎరుక."

పక్కనే తింటున్న బాలరాజ్ అటు తిరిగాడు.

"తిట్టుడు అయిపోయినంక ఫోను ఆపలేదన్నా నువ్వు," అంది ఆమె. "అందరు సగంల కోపమొచ్చి ఇడిసిండ్రు. నేను ఆఖరు దాక ఇన్న. 'సమ్మవ్వా, గీ మాటలంటుంటె నోరంత చేదయితుంది, జర చాయ్ పొయ్యి' అన్నవు."

"మరి ఎందుకు చెప్పలేదు అత్తమ్మా?" అంది మహేశ్వరి.

"మా ఇంట్ల మొగోళ్లు పొద్దున చేనుకు పోతే చీకటయినంకనే వస్తరు. నువ్వు వచ్చినంకనే నాతోని ఒకరు మాట్లాడుడు మొదలైంది," అంది కోడలితో. "ఇన్ని నెలలు నువ్వు లేని ఇంట్ల ఎట్లుండాల్నో నాకు సమజ్ కాలే. దేవుడే మీ నాయినతోని గట్ల అనిపించిండనుకున్న. డ్రామాల అంతమంది ముందట గా మాట అననియ్యరనుకున్న. అన్నడు."

సమ్మవ్వ కళ్లు తుడుచుకుంది. వెనక గదిలో రెండో మంచం పడుతుందా అని లెక్క వేసుకుంది. పట్టదు. "నువ్వు గూడ రా వదినా," అంది. "ఇద్దరం కలిసి చూస్కుందం. ఈయన వసారాల పంటడు."

"పిలువకుండ ఎట్లొస్త అని చూస్తున్న," అంది లక్ష్మవ్వ. "నా బట్టల సంచి ఆటోల ఉంది."

పక్కనే అంతా వింటున్న నితిన్ తల దించుకుని సంచి తేవడానికి వెళ్లాడు. బాలరాజ్‌కు కోపం వస్తుందేమోనని సమ్మవ్వ ఓరకంట చూసింది. రాలేదు. రెండు వారాల తర్వాత భార్య తన వైపు చూసి నవ్వినందుకు ఆయనకు వసారా, చలి, దోమలు అన్నీ సమ్మతంగానే ఉన్నాయి. పాస్టరు గారు మాత్రం చేయి కడుక్కుంటూ, వచ్చే ఏడు సత్రం వేషం ఇంకెవరికైనా ఇస్తే బాగుంటుందని స్పందనతో అంటున్నారు.

స్పందన వినలేదు, వచ్చే ఏటి నాటకం కోసం ఆమె అప్పటికే ఫోన్లో రాసుకుంటోంది, అందులో సత్రం ఆయనకు ఒక వియ్యపురాలు ఉంది.